బదులు మనిషి

మా ఆయన్ని కంబోడియా పంపించింది ముక్కూమొహం తెలియని ఏజెంటు కాదు. మా బావ. మా అప్ప, అంటే మా అక్క మొగుడు. మా పెళ్లిలో చర్చి అయ్యగారు వాక్యం చదువుతుంటే మా ఆయన పక్కన నిలబడి ఉంగరం అందించినవాడు.

మేం రాజాంలో ఉంటాం. మా ఆయన బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల రిపేరు షాపులో పనిచేసేవాడు. నేను మెయిన్ రోడ్డులో బట్టల షాపులో చీరల కౌంటర్లో ఉండేదాన్ని. మా రెండు వైపులవాళ్లదీ తాతల నాటి బాప్టిస్టు సంఘమే. అప్పా బావా ఆమదాలవలసలో స్టేషన్ రోడ్డులో ఉంటారు. బావకి అక్కడ జిరాక్సు, నెట్ సెంటరు ఉండేది. అందరికీ ఫోన్లోనే అన్ని పనులూ అయిపోతుంటే ఆ సెంటరుకి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. అది మూసేసి, కంబోడియాలో కంప్యూటర్ ఉద్యోగమని వెళ్లాడు. ఏడాది తిరక్కుండానే తిరిగొచ్చాడు.

వచ్చినప్పుడు బాగా చిక్కిపోయి ఉన్నాడు. తిండి పడలేదన్నాడు, వాళ్లమ్మకి ఒంట్లో బాగోలేదని వచ్చేశానన్నాడు. ఆదివారం ఆరాధనలో నిలబడి, దేవుడు తనని దూరదేశంలో ఎలా కాపాడాడో సాక్ష్యం చెప్పాడు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. మా అమ్మ అందరికంటే ఎక్కువ తుడుచుకుంది.

నెల తిరిగిందో లేదో, మా ఆయన్ని పట్టుకున్నాడు.

"ఎన్నాళ్లు ఆ స్క్రూడ్రైవరు పట్టుకుని కూకుంటావురా? ఏసీ ఆఫీసు. టైపింగు పని. రూమూ తిండీ ఆళ్లదే. నాను సెప్పిన మనిషంటే కళ్లకద్దుకుంటారు."

ఆ మాట అన్నది వాళ్లింట్లోనే, మధ్యాహ్నం భోజనాల దగ్గర. మా ఆయన నవ్వుతూ అప్ప వైపు తిరిగాడు. "నువ్వేటంటావు వదినా? ఎల్లమంటావా?"

అప్ప గరిటెతో పప్పు వడ్డిస్తోంది. వడ్డించిన కంచంలోనే మళ్లీ వడ్డించింది. "ఆ సంగతులు నాకేటి తెలుస్తాయి. మీ అన్ననే అడుగు," అంది. చిన్నప్పటి నుంచీ అప్ప మాట్లాడితే మా ఇంటి గోడలు ఊగేవి. ఆ రోజు అంత మెల్లగా మాట్లాడిందేమిటా అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను.

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో మద్రాసు వెళ్లే బండి ఎక్కించాం. బావ దగ్గరుండి సీటు చూపించి, నీళ్ల సీసా కొనిచ్చి, బండి కదిలాక కూడా కిటికీ పట్టుకుని కొంచెం దూరం నడిచాడు.

మొదట్లో ఫొటోలు వచ్చేవి. పెద్ద బిల్డింగు, వరసగా కంప్యూటర్లు, స్టీలు ప్లేట్లో అన్నం. తర్వాత ఫొటోలు ఆగిపోయాయి. ఫోను మధ్యాహ్నం భోజనం వేళ మాత్రమే వచ్చేది, నేను షాపు వెనక స్టాకు గదిలో టిఫిన్ బాక్సు విప్పుకున్నప్పుడు. మాట్లాడుతుంటే అతని వెనకాల ఎవరో ఉన్నట్టు తెలిసేది. మాట కూడా మారిపోయింది. "ఏమిటి", "ఏం చేస్తున్నావు", "భోజనం అయిందా" అనేవాడు.

"ఏటి, అంత దూరం ఎల్లి గుంటూరోడివైపోనావా?" అని నవ్వాను.

అతను నవ్వలేదు. "పని ఉంది, పెట్టేస్తున్నాను," అన్నాడు.

ఒక రోజు వేరే నంబరు నుంచి వచ్చింది. నీళ్లు పడుతున్న చప్పుడు. బాత్రూములో కుళాయి తిప్పి మాట్లాడుతున్నాడని తర్వాత తెలిసింది. గుసగుసగా, మన మాటలో మాట్లాడాడు.

"ఒసే, నా మాట ఇను, మజ్జిలో అడగొద్దు. ఇక్కడ ఉద్యోగం నేదు, ఏటీ నేదు. పాస్‌పోర్టు లాగేసుకున్నారు. గేటుకి తాళం, తుపాకీ పట్టుకుని కాపలా. తెలుగోళ్లకి ఫోన్లు సేసి మోసం సెయ్యాల. నాను పోలీసునంటాను, మీ పేరు మీద పార్సిలు దొరికిందంటాను. సెయ్యకపోతే కరెంటు పెడతన్నారు. మీ బావకి అన్నీ తెలుసు. నన్నిచ్చే బయటపడ్డాడే."

కుళాయి ఆగింది. ఫోను కూడా ఆగింది.

నా ముందున్న అన్నం అలాగే ఉంది. కౌంటరు దగ్గర్నుంచి పిలుస్తున్నారు. పెళ్లివారు వచ్చారు. వెళ్లి పట్టుచీరలు విప్పి భుజం మీద వేసుకుని చూపించాను. "మీకు బాగుందమ్మా, మరి మా పిల్లకి ఎలా ఉంటుందో," అని పెళ్లికూతురి తల్లి అంటే, "ఇంకా బాగుంటుందండి," అన్నాను. ఆ రోజు చాలా చీరలు అమ్మాను. ఎలా అమ్మానో ఇప్పటికీ తెలీదు.

మర్నాడు సెలవు పెట్టి ఆమదాలవలస వెళ్లాను. బావ ముందుగదిలో టీవీ చూస్తున్నాడు. అడిగాను. కాదంటాడనుకున్నాను. అరుస్తాడనుకున్నాను. అతను టీవీ ఆపి, రిమోటు పక్కన పెట్టి, సర్దుకుని కూర్చున్నాడు. ఎప్పుడో ఒకప్పుడు అడుగుతానని తెలిసినట్టే ఉన్నాడు.

"నన్ను పంపినోడెవుడో తెల్సా? నరసన్నపేటోడు. నాకు స్నేహితుడు. ఆడి బదులు నాను. నా బదులు మీ ఆయన. నెలలో మనిషిని పంపుతానని కాగితం రాసిస్తేనే నన్ను ఒగ్గినారు. మీ ఆయన బదులు ఇంకొకణ్ని సూపిస్తే ఆడూ వచ్చేస్తాడు. అక్కడ అదే పద్ధతి. నాను పెట్టింది కాదు."

"ఎవుడో ఒకణ్ని సూపించుకోలేకపోనావా బావా? నా మొగుడే దొరికినాడా?"

"తెలియనోడు నన్ను నమ్ముతాడేటి?" అన్నాడు.

ఆ మాట అన్నాక తల దించుకున్నాడు. చొక్కా చేయి పైకి మడిచి చూపించాడు. మోచేతి పైన నల్లగా కాలిన మచ్చలు. సాక్ష్యం చెప్పిన రోజు పొడుగు చేతుల చొక్కా వేసుకున్నాడని అప్పుడు గుర్తొచ్చింది.

అప్ప వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. దాని వైపు తిరిగాను. "నీకూ తెల్సు కదే?"

"తెల్సు," అంది. "నువ్వైతే ఏటి సేద్దువు? మాయన రోజూ ఫోన్లో ఏడిసేవోడు. సచ్చిపోతానన్నాడు. నాకిద్దరు పిల్లలు. నీకింకా పిల్లల్లేరు." ఆ చివరి మాట అనేసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగు తీసి, "మీ ఆయనా వచ్చేస్తాడే. మాయన రానేదా?" అంది.

పోలీసుల దగ్గరికి వెళ్తానన్నాను. ఆ మాట నాకంటే ముందే అమ్మ దగ్గరికి చేరిపోయింది. మర్నాటికల్లా అమ్మ రాజాం వచ్చి మా గుమ్మంలో కూర్చుంది. లోపలికి రమ్మంటే రాదు, కాఫీ ఇస్తే తాగదు.

"నాకిద్దరు ఆడపిల్లలు. ఒకదాని మొగుడు అక్కడ సిక్కుకున్నాడు. ఇంకొకదాని మొగుణ్ని నువ్వు ఇక్కడ జైల్లో పెడతావా? పెట్టినంత మాత్రాన నీ మొగుడొచ్చేస్తాడా సెప్పు. రాడు. పైగా ఈ సంగతి ఆళ్లకి తెలిస్తే ఆణ్ని ఉంచుతారా?"

స్టేషనుకి వెళ్లలేదు. పనికి వెళ్లాను, ఇంటికి వచ్చాను, ఆదివారం చర్చికి వెళ్లాను. "మీ ఆయన ఎలా ఉన్నాడమ్మా?" అని అందరూ అడిగేవాళ్లు. "బాగున్నాడండి," అనేదాన్ని. ఇల్లూ షాపూ చర్చీ, మూడూ ఒకే గదిలా అయిపోయాయి నాకు. ఎటు నడిచినా గోడే తగిలేది.

మా ఆయనతో పాటు రిపేరు షాపులో పనిచేసిన కుర్రాడొకడు ఉండేవాడు. అన్నా అన్నా అంటూ ఈయన వెనకే తిరిగేవాడు. వాడి పెళ్లాం అప్పుడు కడుపుతో ఉంది. వాడికి ఎవరు చెప్పారో, కంబోడియా మీద మనసు పడింది. దారిలో కనబడితే చాలు, "వదినా, అన్ననడిగావా? నా సంగతి సెప్పావా?" అనేవాడు.

"అక్కడ పని మంచిది కాదు బాబూ. వద్దు," అన్నాను.

"అన్నకి మంచిది, నాకు మంచిది కాదేటి?"

నిజం మొత్తం చెప్పాలంటే భయం. వాడు షాపులో చెప్తాడు, షాపు నుంచి ఊరంతా పాకుతుంది, ఊరు నుంచి అక్కడికి పాకుతుంది. "నా మాటిను," అని మాత్రం అన్నాను. వాడి మొహం చిన్నబోయింది. మేం బాగుపడి వాణ్ని రానివ్వటం లేదని అనుకున్నాడు.

ఆ వారమే మధ్యాహ్నం ఫోనులో మా ఆయన వాడి ఊసెత్తాడు. ఈసారి వెనకాల ఎవరూ లేనట్టుంది. మన మాటలోనే మాట్లాడాడు.

"ఆడు వస్తానంటన్నాడంట కదా, మీ బావ సెప్పినాడు. రానియ్యి."

"ఆడి పెళ్లాం కడుపుతో ఉన్నాది," అన్నాను.



"నాకు తెల్దనుకున్నావేటి? ఆడి పెళ్లికి నానే కదే ఎదురెల్లి పెళ్లికూతుర్ని బండి దింపింది. అన్నీ తెలుసు. నాను ఇంక ఇక్కడ ఉండలేనే. నీకు సేతనైతే నోరు మూసుకుని ఉండు. ఇంకేటీ సెయ్యక్కర్నేదు. మిగతాది మీ బావ సూసుకుంటాడు."

నాతో అంతకుముందు ఎన్నడూ అలా మాట్లాడని మనిషి. పాలవాడికి ఎదురు చెప్పటానికి కూడా మొహమాటపడేవాడు. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

రెండ్రోజుల తర్వాత ఆ కుర్రాడు ఎగురుకుంటూ మా షాపుకి వచ్చాడు. బావ ఫోను కలిపాడట. వీడియోలో అన్న కనబడ్డాడట. "ఎంత తెల్లబడిపోనాడో వదినా! ఎనకాల పెద్ద అద్దాలు, పూల కుండీలు. రారా తమ్ముడూ, నానున్నాను కదా అన్నాడు. నువ్వే నాకు సెప్పనేదు!" అన్నాడు. మా ఆయన తెల్లబడటం ఏమిటో నాకు తెలుసు. ఎండ మొహం చూడనివాళ్లు అలాగే ఉంటారు.

ప్రయాణం అనుకున్నారు. వాడు కొత్త సూట్‌కేసు కొన్నాడు. నేను చెయ్యాల్సింది ఏమీ లేదు. మా ఆయన చెప్పినట్టు నోరు మూసుకుంటే చాలు. కొన్నాళ్లకి అదే స్టేషన్లో ఆయన బండి దిగుతాడు. రాత్రుళ్లు అది తలుచుకుంటే ఒళ్లు తేలికయ్యేది. ఉదయం షాపుకి ఆ పిల్ల వచ్చేది, వాడి పెళ్లాం. పుట్టబోయే బిడ్డకి మెత్తటి నూలుగుడ్డ కావాలని. ముక్కలు చెంపకి ఆనించుకుని చూసుకునేది. "ఇది గుచ్చుకోదు కదా అక్కా?" అనేది.

ఒక మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. వాడు షాపులో ఉన్నాడు. ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని చింతచిగురు దూస్తోంది. ఉన్నదంతా చెప్పాను. బావ చేతి మీద మచ్చలు, తాళాలు, కుళాయి చప్పుడు, "రానియ్యి" అన్నమాట, అన్నీ. ఆ పిల్ల చిగురు దూయటం ఆపేసింది.

"ఈయనెల్లకపోతే అన్న అక్కడే ఉండిపోతాడు కదా అక్కా?"

"ఉండిపోతాడు."

"మరి నాకెందుకు సెప్తన్నావు?"

"తెల్దు," అన్నాను. "సెప్పకపోతే నీ మొకం సూడలేను."

ఆ పిల్ల లేచి లోపలికి వెళ్లి, బీరువాలోంచి మొగుడి పాస్‌పోర్టు తీసి జాకెట్లో పెట్టుకుని, నిండు కడుపుతో ఎండలో నడుచుకుంటూ మా చర్చి అమ్మగారింటికి వెళ్లింది. అయ్యగారి భార్యని మేం అమ్మగారంటాం. "బిడ్డ పుట్టేవరకూ ఇది మీ దగ్గరే ఉంచండి, ఈయన కాళ్ల మీద పడినా ఇవ్వకండి," అని చెప్పి వచ్చేసిందట.

వాడు ఊరుకోలేదు. మా షాపుకొచ్చి, జనం చూస్తుండగా కౌంటరు మీద చెయ్యేసి కొట్టాడు. "నీ మొగుడు బాగుపడితే సాలా? నానెల్తే నీకు కడుపుమంటేటి?" అని అరిచాడు. నేను చీరలు మడత పెడుతూనే ఉన్నాను. ఓనరు కొన్నాళ్లు ఇంటి దగ్గర ఉండమన్నాడు.

మా ఆయన దగ్గర్నుంచి ఒకే ఒక్క ఫోను వచ్చింది.

"నువ్వే సెప్పావా?"

"నానే."

పెట్టేశాడు. ఆ తర్వాత ఫోన్లు లేవు. వానలు పడ్డాయి, ఊడ్పులు అయ్యాయి, ఫోను మోగలేదు. వేరే కంపెనీకి అమ్మేశారని బావ అమ్మతో చెప్పాడు, అమ్మ నాతో చెప్పింది. మనిషిని అమ్మేశారన్న మాట మా అమ్మ నోట విన్నాను. ఎరువు బస్తా సంగతి చెప్పినట్టే చెప్పింది, ఎందుకంటే ఏడ్చే ఓపిక ఆవిడకి అప్పటికే అయిపోయింది. "నీ సేతులారా సేసుకున్నావు," అని కూడా అంది. నేను ఆ పిల్లకి అంతా చెప్పింది తప్పు కాదని ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆ వానాకాలంలో పళ్లెం ముందు కూర్చున్న ప్రతిసారీ, అక్కడ ఆయనకి ఏం పెడుతున్నారో అనిపించి, కలిపిన ముద్ద వదిలేసి లేచిపోయేదాన్ని.

కోతలు మొదలయ్యాక ఒక పొద్దున్న ఫోను వచ్చింది. ఆయనే. బ్యాంకాకులో ఉన్నాడు. "వచ్చేస్తన్నాను," అన్నాడు. ఎలా అని అడగలేదు. ఏడుపొచ్చింది, మోకాళ్ల మీద పడ్డాను, దేవుడు విన్నాడనుకున్నాను.

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో బండి దిగిన మనిషిని నేను గుర్తుపట్టాను గానీ, ఆయన నన్ను చూసిన చూపుని గుర్తుపట్టలేదు. ఇంటికొచ్చాక తలుపుకి ఎదురుగా కూర్చునేవాడు. బాత్రూముకి వెళ్లే ముందు నా వైపు చూసి ఆగేవాడు. "ఎల్లు," అంటేగానీ వెళ్లేవాడు కాదు. ఫోను ముట్టుకునేవాడు కాదు. ఇంట్లో నా ఫోను మోగితే లేచి పెరట్లోకి పోయేవాడు.

అయ్యగారు కృతజ్ఞత కూడిక పెట్టి సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడ్డాడు. అందరూ ఎదురు చూశారు. పెదవులు తడుపుకున్నాడు. కూర్చుండిపోయాడు. "ఇంకా నీరసంగా ఉన్నాడు," అని అయ్యగారే ప్రార్థన చేసి ముగించారు.

కొంచెం కొంచెంగా చెప్పేవాడు, పప్పు రుబ్బుతున్నప్పుడో, దోమతెర కడుతున్నప్పుడో. మన యాస వస్తే టీమ్ లీడరు కొట్టేవాడట. పోలీసు ఆఫీసరు అలా మాట్లాడడని. ఒకసారి ఒక పెద్దావిడకి ఫోను చేసి, మీ అబ్బాయి కేసులో ఇరుక్కున్నాడని బెదిరిస్తున్నాడట. ఆవిడ ఏడుస్తూ ఏడుస్తూ ఆగి, "బాబూ, నీదేవూరు? మా వైపు మాటలా ఉన్నాది," అందట.

"నువ్వేటన్నావు?"

"ఏటంటాను. పక్కన ఆడు నిలబడున్నాడు. గొంతు పెంచి ఇంకా గట్టిగా అరిసినాను."

అది చెప్పిన రోజు అన్నం తినలేదు. నేనూ బలవంతం చెయ్యలేదు. ఎలా బయటపడ్డావని ఒక్కటీ అడగలేదు. అడగటానికి రోజూ వీలుండేది. అడిగితే ఆయన మళ్లీ వెళ్లిపోతాడన్నట్టు ఉండేది నాకు. ఎంబసీవాళ్లు విడిపించారని ఊళ్లో అనుకుంటే, అలాగే అనుకోనిచ్చాను.

వేసవి మొదట్లో ఒక మధ్యాహ్నం తలుపు తట్టారు. తీస్తే ఒకావిడ. యాభై దాటి ఉంటాయి. చెప్పులు బయట విడిచి, చేతిలో పేపరు పొట్లం పట్టుకుని నిలబడింది. సాలూరు నుంచి బస్సులు మారుతూ వచ్చానంది. సెల్‌ఫోన్ల షాపులో అడిగితే ఇల్లు చూపించారట.

"మావోడు లారీలకి రంగులేసేవోడమ్మా. నంబర్లు, పూలు, నెమళ్లు, అన్నీ ఏసేవోడు. మీ ఆయనకి దోస్తు. ఫోన్లోనే అనుకో. 'అమ్మా, రాజామోడే, మనోడే, మనలాగే మాటాడతన్నాడు, ఇంకేటి బయం,' అన్నాడు. కంబోడియా ఎల్లినాడు. ఇప్పుడు ఫోన్లో సరిగ్గా మాటాడటం నేదు. మీ ఆయన వచ్చేసినారని తెలిసి వచ్చినాను. ఆయనైతే అక్కడి సంగతి సెప్తారని."

పొట్లం నా చేతిలో పెట్టింది. కొత్త చింతపండు. "మా సెట్టుదే," అంది.

లోపలి గది కర్టెను కొంచెం కదిలింది. మా ఆయన చెయ్యి కనబడింది. లేనని చెప్పమని ఊపుతున్నాడు.

నాకు అంతా ఒక్కసారే అర్థమైంది. రిపేరు షాపు కుర్రాడు వెళ్లకపోతే ఇంకొకడు వెళ్లాడు. నేను ఒక తలుపు మూశాను, ఆయన ఇంకో తలుపు తీసుకున్నాడు. ఆ నెలలన్నీ నేను దేవుడికి చెప్పిన వందనాలు ఈవిడ కొడుకు మీదుగా వెళ్లాయి.

"కూకోండమ్మా," అన్నాను. నీళ్లు తెచ్చిచ్చాను. "ఆయన..." అని మొదలుపెట్టాను. నా గొంతు మెల్లగా, మెత్తగా వచ్చింది. అప్ప పప్పు వడ్డిస్తూ మాట్లాడిన గొంతు అదే. మా అప్ప ఎందుకలా మాట్లాడిందో అప్పుడు తెలిసింది. ఒక్క అబద్ధం చెప్తే ఆవిడ బస్సెక్కి వెళ్లిపోతుంది, నా మొగుడు నాకుంటాడు.

"ఆయన ఇంట్లోనే ఉన్నారు," అన్నాను. "ఏవండీ, బయటికి రండి."

రావటానికి చాలాసేపు పట్టింది. వచ్చి కుర్చీలో కాదు, ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. తల ఎత్తకుండా చెప్పాడు. "నాను బయటపడాలంటే ఒకణ్ని సూపించాలన్నారమ్మా. తెలిసినోడు రానేదు. ఉద్యోగాల గ్రూపులో మీవోడు కనబడ్డాడు. మన వైపోడని నాతో బాగా మాటాడినాడు. మంచి పనేనన్నాను. రమ్మన్నాను. ఆడొచ్చిన రోజు నన్ను ఒగ్గేసినారు. గేటు దగ్గర ఎదురుపడ్డాం. నన్ను సూసి నవ్వినాడు. ఎక్కడికన్నా అన్నాడు. నాను ఆగనేదు."

ఆవిడ తిడుతుందని, కొడుతుందని నేను దగ్గరగా జరిగాను. ఆవిడ ముందు అడిగింది ఒక్కటే. "అన్నం పెడతారా ఆడికి?"

"పెడతారమ్మా. సెప్పినట్టు సేస్తే పెడతారు."

ఆవిడ తల ఊపింది. తర్వాత మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగింది.

"అయితే మావోడు రావాలంటే నానెవర్ని పంపాల? మాకెవరూ నేరే."

మా ఆయన నేల మీదే ముందుకి వంగిపోయి ఏడ్చాడు. వచ్చాక అదే మొదటిసారి.

ఆవిడ ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుంది. మర్నాడు ముగ్గురం పోలీస్ స్టేషనుకి వెళ్లాం. మా ఆయన అన్నీ చెప్పాడు. తనని పంపిన బావ పేరు, తాను పంపిన మనిషి పేరు, చేసిన ఫోన్లు. వెళ్లే ముందు నేను అమ్మకి చెప్పలేదు. చెప్తే వెళ్లలేనని తెలుసు. రాసుకున్న ఎస్సై తలెత్తి, "నువ్వు బాధితుడివో ముద్దాయివో నాకే తెలీటం లేదయ్యా," అన్నాడు. రెండు విధాలుగానూ రాశారు చివరికి. బావని ఆమదాలవలసలో ఇంటి దగ్గరే పట్టుకున్నారు. నరసన్నపేట అతని కోసం వెతికారు. అతను అప్పటికే ఊళ్లో లేడు.

అప్ప నాకు శ్రీకాకుళం కోర్టు ఆవరణలో కనబడింది. పిల్లలిద్దర్నీ వెంటేసుకుని వచ్చింది. నేను దగ్గరికి వెళ్లాను. పిల్లల్ని వెనక్కి లాక్కుని నా మొహంలోకి చూసింది.

"నీ మొగుడు ఇంటికొచ్చాక సెప్పావు," అంది. "ఆడింకా అక్కడే ఉండుంటే సెప్పుదువా?"

ఆ కుర్రాడి పెళ్లానికి అప్పుడే చెప్పాను కదా అని నోటి దాకా వచ్చింది. కానీ పోలీసులకి చెప్పలేదు. బావ పేరు ఏ కాగితం మీదకీ రానివ్వలేదు. అప్ప అడిగింది న్యాయమే. అది పిల్లల చేతులు పట్టుకుని జనంలో కలిసిపోయింది. అమ్మ ఇప్పుడు దానితోనే ఉంటోంది. నాతో మాట్లాడదు. నా పుట్టినరోజుకి మాత్రం ఫోను చేసి, ఏమీ అనకుండా కాసేపు ఉండి పెట్టేసింది.

మా ఆయన బెయిలు మీద ఉన్నాడు. పిలిచినప్పుడల్లా స్టేషనుకి వెళ్లి సంతకం పెట్టి వస్తాడు. రిపేరు షాపువాళ్లు పనిలో పెట్టుకోలేదు. పొలాల్లో కూలికి వెళ్తున్నాడు. ఎండలో పనిచేస్తే నిద్ర పడుతోందంటాడు. ఆ కుర్రాడికి కిందటి వానాకాలంలోనే ఆడపిల్ల పుట్టింది. ఈమధ్య వాడి పెళ్లాం బిడ్డని ఎత్తుకుని మా ఇంటికి తెచ్చింది. వాడు లోపలికి రాకుండా వీధిలో బండి మీదే కూర్చున్నాడు. వెళ్లేటప్పుడు, "వస్తాం వదినా," అన్నాడు. అంతే.

సాలూరు అతను ఇంకా రాలేదు. పేరు ఢిల్లీ పంపించామంటారు, అక్కడి నుంచి ఆ దేశం పంపించామంటారు. అతను ఇప్పుడున్నది ఏ బిల్డింగో ఎవరికీ తెలీదు. వాళ్లమ్మ ప్రతి ఆదివారం మేం చర్చి నుంచి వచ్చే వేళకి ఫోను చేస్తుంది. మా ఆయన ఇప్పుడు ఆ ఒక్క ఫోనూ తీస్తాడు. కొడుకు ఆ వారం ఏం మాట్లాడాడో ఆవిడ ఒక్కొక్క మాటా చెప్తుంది. ఏ మాట నిజంగా అన్నాడో, ఏ మాట పక్కనెవరో ఉంటే అన్నాడో ఈయన విడదీసి చెప్తాడు. బాగున్న సంగతులు ఎక్కువ చేసి చెప్తాడని నాకు తెలుసు. ఆవిడకీ తెలుసనుకుంటాను.

పోయిన ఆదివారం ఆవిడ అడిగింది, "బాబూ, పోనీ ఆడి బదులు నువ్వెల్లి మావోణ్ని ఇటు తోలేస్తావా?" అని. దెప్పుతూ కాదు. బజారుకెళ్లి ఉప్పు తెస్తావా అన్నట్టు అడిగింది. ఈయన ఫోను చెవికి పట్టుకుని నా వైపు చూశాడు. నేను స్టవ్ దగ్గర నిలబడి ఉన్నాను. వద్దని నేను తల ఊపలేదు. ఊఁ అని కూడా అనలేదు. ఈయన పాస్‌పోర్టు కోర్టులో ఉంది. ఆ మాటే ఆవిడకి చెప్పాడు.